వానలో గొడుగు ధర

నాలుగో అధ్యాయం మూడోసారి వెనక్కి వచ్చింది. మొదటి పేజీ పైన ఎర్ర సిరాతో ఒకే ఒక్క మాట రాసి ఉంది: "మిగతావన్నీ?"

ఆర్థికశాస్త్ర విభాగంలో ఆ మాటకు అర్థం తెలియనివాళ్ళు లేరు. దాన్ని రాసిన ప్రొఫెసరుగారిని విద్యార్థులు చాటుగా 'మిగతావన్నీ మాస్టారు' అంటారు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆయన చెప్పే ప్రతి సూత్రానికీ తోక అదే. గిరాకీ పెరిగితే ధర పెరుగుతుంది, మిగతావన్నీ మారకుండా ఉంటే. కూలి పెరిగితే పనులు తగ్గుతాయి, మిగతావన్నీ మారకుండా ఉంటే. ఒకసారి క్లాసులో ఆయన కుర్చీకి ఒక కాలు విరిగి దభీమని కింద పడితే, వెనక బెంచీలోంచి ఎవరో "మిగతా మూడూ మారలేదు సార్" అన్నారట.

ఆ అధ్యాయం రాసినావిడకు ముప్ఫై నాలుగేళ్ళు. ఆయన దగ్గర పరిశోధనకు చేరి ఆరో ఏడు నడుస్తోంది. విభాగంలో ఆమె పేరు 'గొడుగులమ్మ'. వెటకారంగా పెట్టినా ఆమె కాదనలేదు, ఎందుకంటే ఆమె చేస్తున్నది అదే. రైల్వే స్టేషను రెండు గేట్ల దగ్గర గొడుగులు అమ్మే ఏడుగురు ఆడవాళ్ళ ఎదురుగా నిలబడి, వాన పడ్డప్పుడల్లా ధర ఎంత అన్నారో రాసుకోవడం.

పాఠ్యపుస్తకం ప్రకారం ఇది చాలా తేలిక లెక్క. వాన మొదలైతే గొడుగు కావలసినవాళ్ళు పదింతలవుతారు. గొడుగులు అవే ఉంటాయి. కాబట్టి ధర ఎగబాకాలి. గొడుగులమ్మ రెండు వానాకాలాలు తడిసి, మొత్తం నూట ఇరవై ఆరు సార్లు రాసుకుంది. నూట పద్దెనిమిది సార్లు ధర కదల్లేదు. ఎండలో రెండు వందనోట్లు, కుండపోతలోనూ రెండే.

మొదటిసారి ఆ అధ్యాయం ఇచ్చినప్పుడు మాస్టారు కళ్ళజోడు నుదుటి మీదకు నెట్టి, "ధర పెరగలేదు సరే, సరుకు నాసిరకంది ఇస్తున్నారేమో చూశావా? అప్పుడు ధర పెరిగినట్టే" అన్నారు. ఆ మాటలో న్యాయం ఉందనిపించింది. ఏడుగురి దగ్గరా ఎండలో ఒకటి, వానలో ఒకటి చొప్పున పద్నాలుగు గొడుగులు కొంది. ఆమె భర్త లిఫ్టు మెకానిక్కు. అతను ఆదివారం పొద్దున్నే హాల్లో కూర్చుని స్టీలు టేపుతో బట్ట కొలిచాడు, కమ్ములు లెక్కపెట్టాడు, ఒక్కోదాన్నీ ఇరవైసార్లు తెరిచి మూశాడు. అన్నీ ఒక్క తల్లి పిల్లల్లా ఉన్నాయి. అత్తగారు మాత్రం గుమ్మంలో నిలబడి, "ఇంట్లో మనుషులం ముగ్గురం, గొడుగులు పద్నాలుగు. దీన్ని ఇల్లంటారా, గోదామంటారా?" అని అడిగింది.

రెండోసారి మాస్టారు, "వాళ్ళకి రోజూ వచ్చే ఖాతాదార్లుంటారు. ఇవాళ ఎక్కువ గుంజితే రేపు రారు. అదీ లాభం కోసమే" అన్నారు. గొడుగులమ్మ మళ్ళీ స్టేషనుకి వెళ్ళి, గొడుగు కొన్న రెండువందల మందిని ఆపి అడిగింది. వాళ్ళలో పంతొమ్మిది మందే అంతకుముందు అక్కడ కొన్నవాళ్ళు. మిగిలినవాళ్ళు రైలు దిగి పోయేవాళ్ళు, మళ్ళీ జన్మలో ఆ మొహం చూడరు.

ఇప్పుడు మూడోసారి ఈ ఎర్ర సిరా. ఆమె మెట్లెక్కి నేరుగా ఆయన గదికి వెళ్ళింది. గదిలో గోడ పొడవునా పుస్తకాలు, కిటికీ అద్దం మీద ఎప్పటిదో సుద్దముక్కతో గీసిన రెండు వాలుగీతలు. ఆ గీతలు ఒకదాన్నొకటి కోసుకునే చోటే ధర అని ఆయన ఎవరికో చూపించి తుడవడం మరిచిపోయారు.

"మిగతావన్నీ అంటే ఏవి సార్?"

"కూర్చోమ్మా. వాళ్ళకి మంచిపేరంటే ఇష్టమేమో. 'పాపం, వానలో కూడా అదే ధరకిచ్చింది' అనిపించుకోవడంలో ఒక తృప్తి ఉంటుంది. ఆ తృప్తిని కూడా లెక్కలో వేసుకో. అప్పుడు సిద్ధాంతం చక్కగా సరిపోతుంది."

"ధర పెంచి ఉంటే?"

"లాభం కోసం పెంచినట్టు."

"పెంచకపోతే?"

"తృప్తి కోసం."

"ఊరికే పంచిపెడితే?"

"మరింత తృప్తి." ఆయన నవ్వారు.

ఆమెకు నవ్వు రాలేదు. "కింద పడ్డా పైచేయి నాదే అన్నట్టుంది సార్. ఏం జరిగితే మన సిద్ధాంతం తప్పని ఒప్పుకుంటారో అది చెప్పండి. అది జరుగుతుందో లేదో నేను చూసొస్తాను."

మాస్టారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ముప్ఫై ఏళ్ళలో నన్నీ ప్రశ్న ఎవరూ అడగలేదు" అన్నారు. అది మెప్పో మందలింపో ఆమెకు తెలియలేదు. ఇంకో మాట కూడా అన్నారు: "ఒకటి గుర్తుంచుకో. వాళ్ళని కారణాలడక్కు. మనుషులు చెప్పేది సాక్ష్యం కాదు. చేసేదే సాక్ష్యం."

ఇంటికి వచ్చి చెప్పులు విసిరేసింది. భర్త భోజనాల బల్ల మీద ఏదో లిఫ్టు తాలూకు బొత్తాల పలక విప్పి పెట్టుకుని ఉన్నాడు. జరిగినదంతా విన్నాడు.

"మీ మాస్టారు లిఫ్టు మెకానిక్కయితే హాయిగా బతికేవాడు" అన్నాడు. "లిఫ్టు కదల్లేదనుకో, 'కదులుతుందండీ, మిగతావన్నీ బాగుంటే' అని చెప్పి వచ్చేయొచ్చు."

"నాకు ఒళ్ళు మండుతుంటే నీకు జోకులు."

"జోకు కాదు. నేను పలక విప్పేముందు కాగితం మీద రాసుకుంటా. తప్పు ఈ తీగలో ఉందనుకుంటే, దీన్ని పీకగానే ఆ దీపం ఆరిపోవాలి. ఆరకపోతే తప్పు నాది, తీగది కాదు. ముందు రాయకపోతే, తర్వాత ఏం జరిగినా నేను అనుకున్నదే అనిపిస్తుంది. నాకే కాదు, ఎవరికైనా. మీరిద్దరూ ముందే రాసుకోండి."

మర్నాడు ఆమె అదే మాట మాస్టారుతో అంది. ఆయన కాదంటారనే అనుకుంది. కానీ ఆయన ఒక తెల్లకాగితం తీసి, ఎర్ర పెన్ను పక్కన పెట్టి నల్ల పెన్నుతో రాశారు: "జోరువానలో ధర పదోవంతైనా పెరగకపోతే నేను చెప్పినది తప్పు." కింద సంతకం చేశారు. తేదీ కూడా వేశారు. "ఇప్పుడు నీ వంతు. ధర ఎందుకు పెరగదో నీకూ ఒక నమ్మకం ఉందిగా?"

ఉంది. రెండేళ్ళుగా వానలో నిలబడి ఆమె ఆ ఏడుగురినీ ప్రేమించడం మొదలుపెట్టింది. అవసరంలో ఉన్నవాడి దగ్గర ఎక్కువ తీసుకోవడం తప్పని వాళ్ళు నమ్ముతారని, బజారులో లాభం కంటే న్యాయం పెద్దదని ఆమె థీసిస్ మొత్తం చెప్పబోతోంది. అందుకే ధైర్యంగా రాసింది: "పక్కన వినేవాళ్ళు ఎవరూ లేకపోయినా, ఒంటరిగా దొరికిన మనిషి దగ్గర కూడా వాళ్ళు ధర పెంచరు. పెంచితే నేను చెప్పినది తప్పు."

మూడో వానాకాలం వచ్చింది. ఆమెకు అదే ఆఖరిది, ఆ ఏడాదితో పరిశోధన గడువు అయిపోతుంది.

అంతకుముందు రెండేళ్ళూ వాన కాస్త తగ్గగానే ఆమె నోటుబుక్కు మూసి ఇంటికి పోయేది. పందెంలో 'ఒంటరి మనిషి' ఉన్నాడు గనుక ఈసారి వాన వెలిసేదాకా నిలబడింది. తూర్పు గేటు దగ్గర అందరికంటే పెద్దావిడ కూర్చునేది, అందరూ ఆమెను పెద్దమ్మ అనేవాళ్ళు. మొదటి రోజు వాన జోరుగా పడ్డ అరగంటా పెద్దమ్మ చేతులు యంత్రంలా ఆడాయి. నోట్లు తీసుకోవడం, గొడుగు ఇవ్వడం. ధర రెండే. వాన సన్నబడింది. జనం పలచబడ్డారు. చంకలో ఫైలు పెట్టుకున్న ఒక మనిషి ఒక్కడే వచ్చాడు.

"ఎంత?"

"మూడు" అంది పెద్దమ్మ, రెప్ప వెయ్యకుండా.

"మూడా! ఇందాక రెండన్నారుగా?"

"ఇందాకటి గొడుగులు అయిపోయినయ్ బాబూ. రెండున్నరకి తీసుకో, పొద్దుగూకుతోంది."

ఆ మనిషి రెండున్నర ఇచ్చి వెళ్ళాడు. అమ్ముడైన గొడుగు అదే మూటలోది.

గొడుగులమ్మ 'రెండున్నర' అని రాసుకుంది. ఆ సీజనులో ఆమె పన్నెండు వానరోజులు చూసింది. జోరువానలో ధర ఒక్క రోజూ పెరగలేదు, అంటే మాస్టారు తప్పారు. చినుకుల్లో ఒంటరివాళ్ళు దొరికిన అయిదు రోజులూ ధర పెరిగింది. అంటే ఆమె కూడా తప్పింది.

ఆదివారం ఆమె బాల్కనీలో బల్ల వేసుకుని పట్టిక రాస్తుంటే, భర్త టీ గ్లాసులు తెచ్చి వెనక నిలబడ్డాడు.

"ఈ మూడు రోజులు ఎందుకు కొట్టేశావ్?"

"ఒకరోజు రైళ్ళు ఆలస్యం. ఒకరోజు సెలవు. ఇంకోరోజు అక్కడ కూర్చుంది పెద్దమ్మ కాదు, కొత్తావిడ. అవి లెక్కలోకి రావు."

"మరి ఈ రెండూ?"

"అవి పొరపాట్లు. ఆవిడ అలసిపోయి ఉండొచ్చు, ఎంత చెప్పిందో ఆవిడకే..." ఆమె ఆగిపోయింది.

భర్త టీ గ్లాసు బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళాడు. అతను ఏదో ఒకటి అని ఉంటే బాగుండేది, పోట్లాడి తేలికపడేది. రైలు ఆలస్యం, సెలవు, కొత్తావిడ. పేరు మార్చుకున్న మిగతావన్నీ. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని మాస్టారు అంటుంటే ఆరేళ్ళు పళ్ళు కొరికింది, ఇప్పుడు తన కుందేలు నాలుగో కాలును తన చేత్తోనే విరుస్తోంది. కొట్టేసిన గీతల పక్కన ఆ అయిదు రోజులనూ మళ్ళీ రాసింది. రాస్తుంటే ఏడుపొచ్చింది, పట్టిక మీద పడకుండా మొహం పక్కకి తిప్పుకుంది.

మర్నాడు ఆమె మాస్టారి మాట తోసేసి పెద్దమ్మ పక్కన పీట వేసుకుని కూర్చుంది. ఆ రోజు ఎండగా ఉంది, బేరాల్లేవు.

"పెద్దమ్మా, జోరువానలో ధర ఎందుకు పెంచవు? న్యాయం కాదనా?"

"న్యాయమా?" పెద్దమ్మ కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది. "నా మొహం న్యాయం! మూడంటే వాడు రెండంటాడు, నేను రెండున్నరంటా, వాడు పోతున్నట్టు నాలుగడుగులేస్తాడు. ఈ నాటకం అయ్యేలోపు వెనకున్న పదిమంది పక్కదాని దగ్గర కొనుక్కుపోరూ? వాన అరగంటే పడుతుంది తల్లీ. రెండంటే ఎవడూ మారు మాట్లాడడు. నోటివ్వు, గొడుగు తీసుకో. వాన తగ్గినాక ఉంది కదా తీరిక, అప్పుడాడొచ్చు బేరం."

"మూడేళ్ళుగా చూస్తున్నాను. ఈ మాట ఎప్పుడూ చెప్పలేదేం?"

"నువ్వెప్పుడన్నా అడిగితే కదా! ఎదురుగా నిలబడి రాసుకుంటుంటే, రైల్వేవాళ్ళ మనిషివేమో అనుకున్నాం."

ఆ సాయంత్రమే ఆమె సంతకాల కాగితం పట్టుకుని మాస్టారు గదికి వెళ్ళింది. పట్టిక చూపించింది. పెద్దమ్మ చెప్పినదీ చెప్పింది. మాస్టారు తన సంతకం వంక చూశారు. తర్వాత ఆయన మొహం మెల్లగా వెలిగింది.

"ఇంకేం! వానలో కరువు గొడుగులకి కాదమ్మా, సమయానికి. ఆ పెద్దావిడ తన సమయాన్ని ఎంత పొదుపుగా వాడుకుంటోందో చూడు. ఇది మన సిద్ధాంతమే. సమయాన్ని ఖర్చులో కలిపి రాయి. పత్రికలవాళ్ళు కళ్ళకద్దుకుని వేసుకుంటారు."

"జనం చెప్పేది సాక్ష్యం కాదన్నారుగా సార్. ఇప్పుడావిడ మాట సాక్ష్యం ఎలా అయింది?"

ఆయన పట్టికను ఇంకోసారి తిరగేశారు.

"పైగా మీరు రాసింది 'ధర పెరగకపోతే తప్పు' అని. పెరగలేదు."

"కాదన్నానా? కానీ నీదీ తప్పిందిగా?"

"తప్పింది. అదే రాస్తాను. ఇద్దరం తప్పామని."

"తప్పులకి పట్టాలివ్వరమ్మా." ఆయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "నాకు తెలిసి చెబుతున్నాను. 'సమయం' అని రాస్తే నెలలో అయిపోతుంది. ఉద్యోగం కూడా ఉంది ఇక్కడే, నా మాట చెల్లుతుంది."

ఆమె అడకత్తెరలో పోకచెక్కలా నిలబడింది. నిజానికి ఆయన చెప్పినది నిజం కావచ్చు. పెద్దమ్మ చెప్పినదానికీ దానికీ తేడా లేదు. ఆమెను పీడిస్తున్నది అది కాదు. పెద్దమ్మ ఇంకేదో చెప్పి ఉంటే ఆయన అది కూడా తన సిద్ధాంతమేననేవారు. జరిగిపోయినదానికి కథ అల్లడం ఎవరికైనా వస్తుంది.

"సరే సార్. సమయమే కారణమైతే, అది ఎక్కడ తప్పాలో కూడా ముందే రాద్దాం. ధర పెద్ద అక్షరాలతో బోర్డు మీద రాసి వేలాడదీస్తే ఇక బేరం ఉండదు, టైము పోదు. అప్పుడు జోరువానలో ధర పెరగాలి. పెరగకపోతే ఈ కథ కూడా తప్పు."

"దానికి మళ్ళీ వానాకాలం దాకా ఆగాలి."

"అవును."

"నీ గడువు అయిపోతుంది."

"తెలుసు."

ఆమె గడువు పెంచమని అర్జీ పెట్టింది. రెండు వారాలకు కార్యాలయం నుంచి ఒకే వాక్యంతో తిరస్కారం వచ్చింది. దాంతో ఉన్నదున్నట్టు రాసి థీసిస్ సమర్పించింది. నాలుగో అధ్యాయం చివర రెండు పందేలూ, రెండు ఓటములూ, అయిదు రోజుల్ని తను కొట్టేసి మళ్ళీ రాసిన సంగతీ రాసింది.

వైవా పొడవాటి గదిలో జరిగింది. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు థీసిస్‌ని తిరగేసి, "అయితే మీరు కనుక్కున్నదేమిటి?" అని అడిగాడు.

"ఈ రెండు కారణాలూ కావని."

"కానివి ప్రపంచంలో లక్ష ఉంటాయమ్మా. అయినదేది?"

"ఒక ఊహ ఉందండీ. ఇంకా పరీక్షించలేదు."

"మరి పరీక్షించి రావచ్చుగా? పైగా ఇతర పరిస్థితులను మీరు అదుపులో పెట్టినట్టు లేదు. అందుకే మూల సూత్రం తప్పినట్టు కనిపిస్తోందేమో."

ఆమె నోరు తెరిచేలోపే పక్కన మాస్టారు గొంతు సవరించుకున్నారు. "లేదండీ" అన్నారు. "ఆ పరిస్థితులన్నీ నేనే అడిగాను, ఈ అమ్మాయి ఒక్కొక్కటీ చూసి వచ్చింది. ఆ కాగితం మీద సంతకం నాది. తప్పింది నేనే." ఆ మాట అనడానికి ఆయనకు ఎంత కష్టమైందో, బల్ల అంచును పట్టుకున్న వేళ్ళను చూస్తే తెలిసింది. పరీక్షకుడు మర్యాదగా తల ఊపి ఏదో రాసుకున్నాడు.

ఫలితం నెల తర్వాత వచ్చింది. పట్టా ఇస్తారు, కానీ నాలుగో అధ్యాయాన్ని కుదించి అనుబంధంలో పెట్టాలి. మొదటి మూడు అధ్యాయాలు, అంటే ఇతరులు రాసినవాటి సమీక్ష, 'సంతృప్తికరం'. ఆరేళ్ళలో తను సొంతంగా చేసినదంతా అనుబంధం! ఆమె కార్యాలయానికి వెళ్ళి వాదించింది. గుమాస్తా, "సంతకం పెట్టాల్సినవాళ్ళు పెట్టేశారండీ" అన్నాడు. మళ్ళీ రాసింది. జవాబు లేదు. చివరికి ఒక మధ్యాహ్నం, నలభై రెండు పేజీలను పదకొండుకు కోసి వెనక కుట్టించి ఇచ్చేసింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

"పట్టా వచ్చిందిగా, ఇంకా ఆ మొహమేంటే అమ్మాయ్?" అంది అత్తగారు.

"మాస్టారు అందరిముందూ ఒప్పుకున్నారత్తయ్యా, నేనూ ఒప్పుకున్నాను. అయినా ఎవరికీ ఏమీ పట్టలేదు. అందుకే ఈ మొహం."

తర్వాతి వానాకాలం మొదట్లో, విభాగంతో సంబంధం లేకుండా, ఎవరూ అడక్కుండానే, ఆమె ఏడు నల్లబోర్డులు చేయించింది. భర్త వాటికి కొక్కేలు బిగించాడు. సుద్దముక్కలు కూడా పెట్టి, ఏ ధర కావాలంటే అది రాసుకోమని చెప్పడానికి స్టేషనుకి వెళ్ళింది.

పెద్దమ్మ బోర్డును అటూ ఇటూ తిప్పి చూసి వెనక్కి ఇచ్చేసింది.

"నాకొద్దు తల్లీ."

"ఎందుకు? బేరం గోలుండదు. వానలో మూడని రాసుకోవచ్చు."

"బోర్డు పెడితే దుకాణమైపోతుంది. ఇప్పుడు నేను మూట పెట్టుకుని కూర్చున్న ముసల్దాన్ని, ఎవరూ పట్టించుకోరు. దుకాణమైతే స్టేషనువాళ్ళు వచ్చి లైసెన్సేదంటారు. ధర పెంచామని వాళ్ళకి తెలిస్తే మొత్తానికే లేపేస్తారు. మొదటికే మోసం. అసలు వానలో అందరం రెండే అనడం ఎందుకనుకున్నావ్? గొడవ రాకూడదని."

గొడుగులమ్మ బోర్డు పట్టుకుని అలాగే నిలబడింది. "పోయినేడు బేరానికి టైముండదన్నావు కదా పెద్దమ్మా?"

"అదీ నిజమే. ఇదీ నిజమే. నువ్వడిగినప్పుడు ఏది గుర్తొస్తే అది చెప్పా. ఒక్కటే ఉండాలంటే ఎట్లా?"

నవ్వాలో నెత్తి బాదుకోవాలో తెలియలేదు. ఏడుగురిలో ఇద్దరు మాత్రం బోర్డు తీసుకున్నారు, వాళ్ళు కూడా "నీ మొహం చూసి" అన్నారు. ఇద్దరితో ఏదీ తేలదని ఆమెకు తెలుసు. మిగిలిన అయిదు బోర్డులు చంకలో ఇరికించుకుని, పడమటి గేటు మెట్ల మీద కూర్చుని కొత్త పేజీ తెరిచింది. పైన తేదీ వేసింది. స్టేషనువాళ్ళ భయమే కారణమైతే ఏం జరగకూడదో, వాన మొదలవకముందే రాయడం మొదలుపెట్టింది. మొదటి వాక్యం రాసి, బాగోలేదని కొట్టేసి, మళ్ళీ రాసింది.